నోరున్న మా అత్తమ్మ

పొద్దున పదింటికి మా ఆయన ఆటో మా గల్లీలోకి రాదు. ఆ వేళకు బడిపిల్లలను దింపి హనుమకొండలో బేరాలు చూసుకుంటుంటాడు. ఆ రోజు నేను పాపకు అన్నం కలుపుతుంటే ఇంటి ముందు ఆటో ఆగిన చప్పుడు వినిపించింది. ఆటో ఆగింది కానీ ఇంజను ఆగలేదు. ఆయన దిగలేదు. అప్పటికి మా అత్తమ్మ పెద్ద దవాఖానలో ఉంది. ఆమె దగ్గర మా ఆడబిడ్డ ఉంది. కలిపిన ముద్ద నా చేతిలోనే ఉంది. ఆయన ఎందుకు దిగడం లేదో నాకు అర్థమైంది.

కాసేపటికి లోపలికి వచ్చి గోడకు ఆనుకొని, "అమ్మ పోయింది" అన్నాడు. పాపను ఎత్తుకుందామని చేతులు చాపాడు. పాప నా కొంగులో తల దాచుకుంది. ఆయన ఆ చేతులు అలాగే వెనక్కి తీసుకున్నాడు.

మా అత్తమ్మ గురించి నాలుగు మాటలు చెప్పాలని అప్పటినుంచి అనుకుంటున్నాను. నేను చదివింది ఏడో తరగతి వరకే. నలుగురిలో మాట్లాడాలంటేనే నాకు గొంతు పెగలదు. అయినా ఆమె గురించి నేను ఊరుకుంటే ఆమెకే నచ్చదు.

ఖిలా వరంగల్‌లో మా గల్లీకంతా ఆమె నోరున్న మనిషి. కొందరు మెచ్చుకుంటూ అనేవాళ్లు, కొందరు మూతి తిప్పుతూ అనేవాళ్లు. నన్నేమో నోట్లో నాలుక లేని పిల్ల అని ఏరి కోరి చేసుకున్నారు. ఏరిన వాళ్లలో ఆమె లేదని తరువాత తెలిసింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో వంటింట్లో ఉంటే, ముందర గదిలోంచి కేకేసేది.

"ఓ పిల్లా, ఇంట్ల ఉన్నవా లేవా? గాజుల చప్పుడు ఇని తెలుసుకోవాల్నా ఏంది?"

"ఉన్న అత్తమ్మా."

"గొంతు పైసలు పెట్టి కొనుక్కొచ్చుకున్నవా, గంత పొదుపుగ వాడుతానవ్?"

మనుషులు దొరక్కపోతే ఆమె వస్తువులతో మాట్లాడేది. చుట్టాలు వచ్చిన రోజే గ్యాస్ అయిపోతే, బండ ముందు నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి, "సుట్టాల ముందర ఇజ్జత్ తీస్తానవ్ గదనే, నిన్నేం తక్కువ చూసినం?" అని నిలదీసేది. నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

ఆమె వయసంతా ఎనుమాముల మార్కెట్ పక్క షెడ్లలో మిరపకాయల తొడిమలు తీసే పనిలోనే గడిచింది. నేను వచ్చేసరికే మా ఆయన ఆ పని మాన్పించాడు. ఆమె పని మానినా ఘాటు ఆమెను విడవలేదు. దగ్గుతూనే మాట్లాడేది. కన్ను దురద పెడితే వేళ్లతో నలుపుకునేది కాదు, మోచేతి మడతతో తుడుచుకునేది. మిరపకాయ ముట్టి ఏళ్లు గడిచినా ఆ అలవాటు పోలేదు.

ఆ పని గురించి ఆమె చెప్పగా విన్నాను. పొద్దున కుప్ప ముందు కూర్చుంటే పొద్దుగూకే దాకా చేతులు మండుతూనే ఉంటాయి. ఆ చేతులతో పసిపిల్లలను ముట్టుకోకూడదు. అందుకని షెడ్డు ఆ చివర, గాలి తగిలే చోట, గోనెసంచులు పరిచి పిల్లలను కూర్చోబెట్టేవాళ్లు. వాళ్లను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని ఉంచేవాళ్లు. ఆ మనిషి ఆ రోజు కాయ ముట్టదు. తక్కినవాళ్లు తమ కూలీలోంచి తలా కొంత ఆమెకు ఇచ్చేవాళ్లు. ఎవరిని ఉంచాలన్న మాట వస్తే మా అత్తమ్మదే తీర్పు.

"నిమ్మలమైన మనిషి మనకొద్దు. నోరున్నదాన్ని కూసోవెట్టుండ్రి," అనేదట.

నిమ్మలమైన మనిషి దగ్గర పిల్లలు నిద్రపోతారు, నోరున్న మనిషి దగ్గర మాట నేర్చుకుంటారు. కూలీలో కొంత వదులుకునేది పిల్లలు నిద్రపోవడానికి కాదని ఆమె వాదన.

అట్లని తన కొడుకును ఆ మనిషికి అప్పగించి ఊరుకోలేదు. తన కుప్ప దగ్గర నుంచే కేకలేస్తూ ఉండేది. "అరేయ్ కొడుకా, గీ కాయ సూడు, మీ నాయిన ముక్కు లెక్క వంకర పోయింది!" ఆ చివర కొడుకు పడిపడి నవ్వేవాడు. షెడ్డంతా నవ్వేది. ఇది చెప్పి నాతో ఒకసారి అంది: "చేతులతోని ముట్టరాదు గద పిల్లా. ఇగ మాటతోనే ముట్టిన వాణ్ని."

మా పాప పుట్టి అడుగులు వేసే నాటికి మా ఆయన మనసులో ఒక ఆలోచన గట్టిపడింది. ఆయనది చెడ్డ బుద్ధి అని ఎవరూ అనుకోవద్దు. ఆయన ఆటోలో ఎక్కే పిల్లలు కాలనీల పిల్లలు. వాళ్ల తల్లులు గేటు దగ్గర నిలబడి ఇంగ్లీషులోనే ముద్దు చేస్తారు, ఇంగ్లీషులోనే తిడతారు. ఆయన రోజూ అది వింటాడు. ఇంటర్ అయ్యాక ఆయన ఒక షోరూమ్‌లో ఉద్యోగానికి వెళ్లాడట. అక్కడ ఇంగ్లీషులో ఏదో అడిగారట. తెలిసిన జవాబే, నోరు రాలేదట. "ఆ దినం నా నోరు ఎట్ల పడిపోయిందో నాకెరుక. నా బిడ్డకు గా గతి రావద్దు," అని నాతో ఒకే ఒక్కసారి చెప్పాడు.

ఒక చిన్నపిల్లల బడి చూసి, మా స్తోమతకు మించిన ఫీజు ఒప్పుకొని, పాప పేరు ముందే రాయించాడు. ఆదివారాలు కూడా బండి నడపడం మొదలుపెట్టాడు. ఆ బడి మేడమ్ చెప్పిందని ఇంటికి వచ్చి ఒక నియమం పెట్టాడు. ఇక నుంచి పాపతో ఇంట్లో ఇంగ్లీషు తప్ప వేరే మాట వినిపించకూడదు.

"మరి నేనేం జెయ్యాలెరా? మూతికి బట్ట కట్టుకోవాల్నా?" అంది అత్తమ్మ.

"గట్ల గాదమ్మా. జర తక్కువ మాట్లాడు. నీ మాటలు దానికి అంటుకుంటే మల్ల పోవు."

అత్తమ్మ ఏదో అనబోయి ఆగింది. ఆమె మధ్యలో ఆగిపోవడం నేను చూడటం అదే మొదలు. మనవరాలి మేలు కోసమని కొడుకు చెబుతుంటే కాదని ఎట్లా అంటుంది? పాపతో మాటలు ఆపేసింది.

ఇక మిగిలింది నేను. కమ్, సిట్, ఈట్, స్లీప్ అని ఆయన నేర్పినవి అన్నాను. అవి అయిపోయాక చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఫోనులో ఇంగ్లీషు పాటలు పెట్టి పాప ముందు నిలబెట్టేదాన్ని. పాప ఫోను చూసేది, మేమిద్దరం పాపను చూసేవాళ్లం. కొన్నాళ్లకు అత్తమ్మ గ్యాస్ బండతో కూడా మాట్లాడటం మానేసింది. ఇల్లంతా ఎవరో పడుకొని ఉన్నట్టు ఉండేది.

మూడేళ్లు నిండినా పాప నోట మాట రాలేదు. ఏదైనా కావాలంటే వేలు చూపేది. ఇవ్వకపోతే ఏడ్చేది. నల్లా దగ్గర ఒకామె, "ఏమే, నీ బిడ్డకు చెవులు ఇనవడ్తయా?" అని అడిగింది. సగం నిండిన బిందెతోనే ఇంటికి వచ్చేశాను. పాప వెనుక స్టీలు పళ్లెం పడేసి చూశాను. పాప ఉలిక్కిపడి తిరిగింది. చెవులు వినిపిస్తున్నాయి. అయితే మరేమిటి? ఆ ప్రశ్న నన్ను వంట చేయనివ్వలేదు, తిననివ్వలేదు.

చివరికి పాపను చేర్చడానికి తీసుకెళ్తే, ఆ బడి మేడమే డాక్టరుకు చూపించమంది. హనుమకొండలో ఒక దవాఖానకు నలుగురం వెళ్లాం. చెవుల పరీక్ష బాగానే వచ్చింది. డాక్టరు పాపను బల్ల మీద కూర్చోబెట్టుకొని, "ఇంట్లో పాపతో ఎక్కువగా ఎవరు మాట్లాడతారు?" అని అడిగాడు.

మా ఆయన, "ఇంట్లో ఓన్లీ ఇంగ్లీష్ సార్," అన్నాడు.

డాక్టరు నా వైపు చూశాడు. నేను నేల చూశాను. అప్పుడు వెనుక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. ఎన్నో నెలల తరువాత ఆ గొంతు అంత గట్టిగా రావడం.

"సార్, మా ఇంట్ల మాటలే బంద్ చేసినం సార్. మా కోడలికి ఇంగ్లీషు రాదు. నాకేమో మంచి తెలుగు రాదట. ఇగ పిల్లతోని ఎవలు మాట్లాడాలె?"

మా ఆయన మొహం ఎర్రబడింది. డాక్టరు నవ్వలేదు. మీకు వచ్చిన భాషలోనే, మీరు ఎట్లా మాట్లాడతారో అట్లాగే మాట్లాడండి అన్నాడు. ఆరు నెలలు చూద్దాం, అప్పటికీ మాట రాకపోతే ఇంకా పెద్ద పరీక్షలు చేయాలి అన్నాడు.

మా ఆటోలోనే ఇంటికి బయలుదేరాం. హనుమకొండ చౌరస్తా దాటాక మా ఆయన, ముందుకే చూస్తూ, "అందరి ముందర నా ఇజ్జత్ తీసినవ్ గదమ్మా. నేను గింత కష్టపడేది ఎవల కోసం?" అన్నాడు.

"బిడ్డ కోసమే కొడుకా, కాదన్ననా? పైసలు నువ్వు పెడ్తానవ్. మాటలెవలు పెడ్తాన్రు?"

కోట దర్వాజ దగ్గర మలుపు తిప్పుతూ అన్నాడు: "సరే. మీరిద్దరు ఏమన్న మాట్లాడుకోండ్రి. నేను మాత్రం ఇంగ్లీషే మాట్లాడుత. ఇంట్ల ఒక్కలన్న ఉండాలె గద."

ఇక అత్తమ్మ తన నోరు తెరుస్తుంది, మా కష్టం తీరుతుంది అనుకున్నాను. మర్నాడు ఆమె పీట తీసుకొని బయట అరుగు మీద, మా వైపు వీపు పెట్టి కూర్చుంది.

"అత్తమ్మా, పాపతోని మాట్లాడు."

"నేనెందుకు? పొద్దందాక దానెంట ఉండేది నువ్వు. నేనేమన్న వెయ్యేండ్లు ఉంటనా?"

"నాకేం మాట్లాడాల్నో తెల్వది."

"నీ చేతులు ఏం జేస్తానయో అది చెప్పు. గంతే. పాఠం చెప్పుమన్ననా? నేను చూస్త లేను, సిగ్గువడకు."

ముందర చిక్కుడుకాయలు ఉన్నాయి. పాప ఎదురుగా కూర్చొని ఉంది. "ఇది చిక్కుడుకాయ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఈనె తీస్తాన్న," అన్నాను. తరువాత ఏమనాలో తోచలేదు. అరుగు మీద నుంచి, వెనక్కి తిరగకుండానే, చిన్నపిల్ల అడిగినట్టు అత్తమ్మ అడిగింది.

"ఇగ?"

"ఇగ... రెండు ముక్కలు చేస్త."

"ఇగ?"

"పురుగున్నదా అని చూస్త."

"ఉన్నదా?"

"లేదు. ఆగు, ఉన్నది! అమ్మో, ఆకుపచ్చది!"

అట్లా మొదలైంది. పాప అడగాల్సిన ప్రశ్నలన్నీ గోడ అవతల నుంచి ఆమె అడిగేది. నేను పాప మొహం చూస్తూ జవాబు చెప్పేదాన్ని. బట్టలు పిండుతూ, బియ్యం ఏరుతూ, జడ వేస్తూ చెప్పేదాన్ని. పక్కింటివాళ్లకు మేము పిచ్చివాళ్లలా కనిపించి ఉంటాం. పాప మాత్రం నా నోటి వైపే చూస్తూ ఉండేది. ఒక్క మాట లేదు. నెలలు గడుస్తున్నాయి. డాక్టరు చెప్పిన గడువు దగ్గర పడుతోంది. పెద్ద పరీక్షలంటే ఏం చేస్తారో, అందులో ఏం బయటపడుతుందో అని నాకు భయం. "మాటలు లోపలికి పోతానయ్, ఫికర్ చెయ్యకు," అనేది అత్తమ్మ. అంటూనే తన పీటను రోజుకింత గుమ్మానికి దగ్గరగా జరుపుకునేది. ఆమెకూ భయంగానే ఉందని నాకు తెలిసింది.

ఒకరోజు ఆమెకు జ్వరం వచ్చింది. అరుగు మీద కూర్చొనే కునుకు తీసింది. నేను చూసుకోలేదు. సర్వపిండి గిన్నెకు అద్దుతూ, "ఇగో, నడుమ వేలితోని బొక్కలు పెడ్తాన్న," అని ఆగాను. బయట నుంచి ప్రశ్న రాలేదు.

"ఇగ?" అంది పాప.

నా చెయ్యి పిండిలోనే ఉండిపోయింది. పాపకు ఓపిక లేదు. నా మోకాలి మీద కొట్టి మళ్లీ అడిగింది, "ఇగ?"

నేను అత్తమ్మను లేపలేదు. ముందు జవాబు చెప్పాను. "ఇగ బొక్కల్ల నూనె పోస్త బిడ్డా." ఆ మాట విని అరుగు మీద దగ్గు వినిపించింది. ఆమె లేచే ఉంది. మోచేతి మడతతో కళ్లు తుడుచుకుంటోంది.

ఆ తరువాత పాప నోరు ఆగలేదు. కానీ అది మా ఇద్దరి దగ్గరే. సాయంత్రం తండ్రి ఆటో చప్పుడు వినగానే నోరు మూసుకునేది. ఆయన బొమ్మల అట్టలు కొనుక్కొచ్చేవాడు. స్నానం చేసి, పాప ముందు కూర్చొని, ఒక్కొక్కటి ఎత్తి "వాట్ ఈజ్ దిస్?" అని అడిగేవాడు. పాప నా వెనక్కి వచ్చి నిలబడేది. "నీతోని మంచిగనే మాట్లాడ్తదట గద?" అని నన్ను అడిగేవాడు, నవ్వినట్టే. ఆ నవ్వు చూడలేక నేను వంటింట్లోకి పోయేదాన్ని. ఆయన పాపతో మాట్లాడాలని ఎంత ఆశపడుతున్నాడో, ఆ ఆశే ఎట్లా అడ్డం పడుతోందో నాకు కనిపించేది. చెప్పే ధైర్యం లేదు.

ఈ ఏడు అత్తమ్మ దగ్గు ముదిరింది. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. దవాఖానలో మంచం మీద ఆమె మాట్లాడాలంటే రెండు మాటలకొకసారి ఆగాల్సి వచ్చేది. ఆమె అట్లా మాటలు పొదుపు చేయడం నేనెన్నడూ చూడలేదు. ఒక మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు నా మణికట్టు పట్టుకుంది.

"వాడు పిల్లకు పాఠం చెప్తాండు. మాట్లాడ్తలేడు."

"నువ్వు చెప్పు అత్తమ్మా. నువ్వు చెప్తే ఇంటడు."

"నా నోరు పుట్టినప్పటి సంది ఇంటాండు. అందుకే ఇనడు. నువ్వు చెప్పాలె. నువ్వెన్నడు నోరిప్పలేదు గద, ఇప్పితే వాడికి ఇనవడ్తది."

కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకోబోయింది. సెలైన్ సూది ఉన్న చెయ్యి పైకి లేవలేదు. నేను తుడిచాను, నా మోచేతి మడతతో. ఆమె నవ్వింది.

చెప్పాలని ఆ రోజు రాత్రి అనుకున్నాను, మర్నాడు అనుకున్నాను. ఆయన అలసిపోయి వస్తాడు, తల్లి మంచాన పడింది, ఇప్పుడెట్లా చెప్పాలి అనుకున్నాను. అట్లా అనుకుంటూ ఉండగానే ఆటో ఆ వేళ వచ్చి ఇంటి ముందు ఆగింది.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, వాళ్లను సాగనంపిన చోట విస్తరిలో పెట్టి, పిట్ట వచ్చి ముట్టే దాకా అందరం నిలబడతాం. ముట్టకపోతే వాళ్ల మనసులో ఏదో కోరిక ఉండిపోయిందని అర్థం. మట్టికోట కట్ట పక్కన రాయి మీద విస్తరి వేశాం. చేపల కూర, సర్వపిండి, కల్లు, ఆకువక్క. కొంచెం దూరంగా తుమ్మచెట్టు మీద కాకులు ఉన్నాయి. మేము వెనక్కి జరిగి నిలబడగానే అవి లేచి కట్ట అవతలికి వెళ్లిపోయాయి.

ఎండ ఎక్కింది. ఒక్క పిట్ట రాలేదు.

మా ఆడబిడ్డ ఏడుస్తూ, "అమ్మా, నీ కమ్మలు నాకొద్దే, నీ మనుమరాలికే పెడ్త, రాయే," అంది. రాలేదు. అత్తమ్మ అన్న, ముసలాయన, "చెల్లే, నీ కొడుకు దిక్కు నేను చూసుకుంట, ఫికర్ వెట్టుకోకు," అన్నాడు. రాలేదు. మా ఆయన ముందుకు వచ్చి చేతులు జోడించాడు. "అమ్మా, పాపను పెద్ద బడిల సదివిస్త. అప్పైనా సరే, పెద్ద సదువు సదివిస్త. రా అమ్మా." గాలికి విస్తరి అంచు లేచి పడింది. అంతే.

"ఏదో మనసుల పెట్టుకొనే పోయింది," అని వెనుక ఎవరో గుసగుసలాడారు. ఏం పెట్టుకుందో ఆ గుంపులో నాకొక్కదానికే తెలుసు. చుట్టూ మగవాళ్లు, పెద్దవాళ్లు.

పాప నా కొంగు లాగి, నా చెవి కిందికి వంచుకొని గుసగుసగా అడిగింది. "అమ్మా, పిట్టలన్ని ఏడవోయినయ్?"

జవాబు నా నాలుక మీదికి వచ్చింది. చెప్పలేదు.

"మీ డాడీని అడుగు," అన్నాను. అది నాకే సరిగా వినిపించలేదు. మళ్లీ అన్నాను, అందరికీ వినిపించేటట్టు. "మీ డాడీనే అడుగు బిడ్డా. చెప్తడు. మనం మాట్లాడుకున్నట్టే చెప్తడు."

అందరూ నా వైపు తిరిగారు. ఆయన కూడా తిరిగాడు. నేను తల దించలేదు.

పాప మెల్లగా వెళ్లి ఆయనకు కొంచెం ఎడంగా నిలబడింది. "డాడీ, పిట్టలన్ని ఏడవోయినయ్?"

పాప ఆయనను అడిగిన మొదటి ప్రశ్న అది. ఆయన నోరు తెరిచాడు. పెదవులు దేని కోసమో వెతుక్కున్నాయి. అవి మూసుకుపోతాయేమోనని భయపడ్డాను. ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"పిట్టలా... గవి చేండ్లకు పోయినయ్ బిడ్డా. మిరపచేండ్లకు."

"ఎందుకు?"

"పురుగులుంటయ్ గద, తినతందుకు."

"మరి ముక్కు మండదా?"

ఆయనకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "నేను గూడ గదే అడిగిన మా అమ్మను. ఏం జెప్పిందో తెలుసా..." అంటూ పాపను మోకాళ్ల మధ్యకు లాక్కున్నాడు. పాప ఆయన మొహం వైపే చూస్తోంది.

కట్ట మీద నుంచి ఒక కాకి దిగి రాయి అంచున వాలింది. మా ఆడబిడ్డ అరవబోతే ముసలాయన చెయ్యి ఎత్తి ఆపాడు. ఎవరం కదల్లేదు. కాకి అటు ఇటు చూసి సర్వపిండిని ముక్కుతో పొడిచింది. ఆయన వీపు విస్తరి వైపు ఉంది. రెండు వేళ్లు కలిపి ముక్కులా చేసి పాపకు చూపిస్తూ, ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు.